కత్తెర ముందా సూది ముందా

మనం కుట్టేది గుడ్డ కాదే, మనుషుల మర్యాద అని మా అమ్మ గొప్పగా చెప్పుకునేది. ఆవిడకి డాబు కాస్త ఎక్కువే. నిజం చెప్పాలంటే మేం కుట్టేది రిబ్బన్లు. సైనికుడికి ప్రభుత్వం మెడల్ ఇస్తుంది గానీ, దాన్ని కోటు మీద ఎలా నిలబెట్టుకోవాలో చెప్పదు. అక్కడ మా కొట్టుకి పని పడుతుంది. ఇత్తడి పట్టీని కొలతకి కోసి, బక్రం అనే బిరుసు గుడ్డ తొడిగి, రిబ్బన్లు ఒకదాని మీద ఒకటి కొంచెం కొంచెం ఎక్కేలా మడిచి, వెనక నుంచి కనబడని కుట్టు వేస్తాం. పెద్ద మెడల్ గుండీల వరసకి దగ్గరగా ఉండాలి, చిన్నవి భుజం వైపు జరగాలి. ఆ వరస తప్పిందంటే ఆ మనిషి పరువు తీసినట్టే. మా అమ్మ పోయాక కొట్టు నా చేతికొచ్చింది. ముప్పై ఏళ్లలో ఒక్క పట్టీ కూడా బాగాలేదని తిరిగి రాలేదు.

ఇన్ని కోతలు కోస్తున్నాను గానీ, మా ఇంట్లో ఉన్న సైనికుడికి మాత్రం ఒక్క పట్టీ కుట్టలేదు. ఆయన మా మామయ్య, మా ఆయన తండ్రి. యుద్ధంలో నలుగురు కూర్చునే బాంబరు నడిపారు. విమానం కూలిపోయి రెండేళ్లు శత్రువుల చేతిలో బందీగా ఉండి వచ్చారు. ఆయనకున్నది ఒకే మెడల్, ఆ యుద్ధంలో ఉన్న ప్రతివాళ్లకీ ఇచ్చింది. వంటవాళ్లకీ వచ్చింది, లారీలు తోలినవాళ్లకీ వచ్చింది. అది నా గుండీల డబ్బాలో అడుగున పడి ఉండేది.

మామయ్య చేతులు భుజాల ఎత్తు దాటి పైకి లేవవు. ఎముకలు విరిగి వంకరగా అతుక్కున్నాయట. తల దువ్వుకోవాలంటే చెయ్యి పైకి రాదు గనక తలే కిందికి రావాలి. పొద్దున్నే అద్దం ముందు ఆయన మెడ వంచి దువ్వెన దగ్గరికి తల తీసుకెళ్తుంటే, కొత్తగా కాపరానికొచ్చిన రోజుల్లో నాకు నవ్వొచ్చేది. తర్వాత అలవాటైపోయింది. చేతులెలా విరిగాయో ఆయన చెప్పలేదు, నేనడగలేదు.

ఆ చేతులతోనే కొట్టు వెనక గదిలో కూర్చుని ఊళ్లో సగం కుట్టుమిషన్లు బాగుచేస్తారు. యంత్రాలతో ఆయనకో చుట్టరికం. ఆయన మాటల్లో ఏ యంత్రమూ పాడవదు, ఆగిపోదు. చేతులెత్తేస్తుంది. ఫ్యాను చేతులెత్తేసింది, గడియారం చేతులెత్తేసింది, బోరింగు పంపు చేతులెత్తేసింది. మా అత్తయ్యకి మోకాళ్లు పట్టేస్తే, మీ అత్తయ్య కూడా చేతులెత్తేసిందమ్మా అన్నారోసారి. ఆ పూట ఆయనకి కాఫీ దొరకలేదు.

మొన్న వాళ్ల స్క్వాడ్రన్‌కి డెబ్భై ఐదేళ్లు నిండాయి. పెద్ద మైదానంలో కవాతు పెట్టి, పాతవాళ్లనందరినీ మెడల్స్ పెట్టుకుని రమ్మని కార్డులు పంపారు. నా కొట్టుకి ఒక్కసారిగా నలభై పట్టీల పని వచ్చి పడింది. మామయ్యకీ కార్డు వచ్చింది. ఆయన దాన్ని మడిచి, కిర్రుమంటున్న బల్ల కాలు కింద పెట్టారు. బల్ల కిర్రుమనడం మానేసింది. కార్డు సంగతి ఎవరూ ఎత్తలేదు.

కవాతు ఇంకా నాలుగు వారాలుందనగా వైర్‌లెస్ బాబాయ్ వచ్చాడు. మామయ్య విమానంలో వైర్‌లెస్ పెట్టె ముందు కూర్చున్న మనిషి. వేరే ఊళ్లో ఉంటాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు, అలాంటి మనిషికి రహస్య సందేశాల పని ఎలా అప్పజెప్పారో ఆ పైవాళ్లకే తెలియాలి. మామయ్య ఏదో మిషను తెచ్చేందుకు బయటికెళ్లారు. బాబాయ్ తన మెడల్స్ బల్ల మీద పోసి, ఎర్ర అంచున్న నీలం రిబ్బనుది ముందు పెట్టమ్మాయ్ అన్నాడు. అది శౌర్య పతకం. దాని వరస నాకు చెప్పాలా అని నేను మూతి ముడుచుకుంటుంటే, మీ మామ పట్టీలో దీని పక్కన బూడిదరంగు రిబ్బను కూడా ఉంటుంది కదా అన్నాడు. అది నిర్బంధ పతకం. శత్రువు చేతిలో బందీలుగా ఉండి వచ్చినవాళ్లకిస్తారు. మామయ్యకి అదెందుకు రాలేదో నేనెప్పుడూ అడగలేదు.

మా మామయ్యకి రెండూ లేవు బాబాయ్ అన్నాను.

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అదేంటమ్మాయ్. దూకమంటే దూకినందుకు నాకిచ్చారీ మెడల్. మమ్మల్ని దూకించినాయనకి ఇవ్వకపోవడమేంటి?"

జరిగింది చెప్పాడు. బాంబులు వేసి తిరిగొస్తుంటే ఒక ఇంజను అంటుకుంది. వైర్‌లెస్ పెట్టె చేతిలోనే పేలుతున్నా శత్రువు ఫిరంగులు ఎటున్నాయో ఈయన చివరి మాట దాకా పంపాడు, నిజానికి ఈయన మెడల్ దానికి. రెండో ఇంజను మూలుగుతోంది. మన సరిహద్దు ఇంకా దూరంలోనే ఉంది. మామయ్య విమానాన్ని నిలబెట్టి ముందు మన నేల మీదికి తెచ్చి, ముగ్గుర్నీ దూకమన్నారు. మేం దూకాక మీరూ దూకండి సార్ అంటే, కింద ఊరుంది, దీన్ని ఇక్కడ వదిలితే ఎవరి ఇంటి మీద పడుతుందో అని ముక్కు మళ్లీ శత్రువు వైపే తిప్పారు. ముగ్గురూ మన పొలాల్లో దిగి నడుచుకుంటూ ఇళ్లకొచ్చారు. ఆయన వెళ్లిపోతున్న పొగ వాళ్లకి చాలాసేపు కనబడింది. ముగ్గురూ కలిసి ఆయనకి శౌర్య పతకం ఇవ్వాలని రాసిచ్చారు. ఇచ్చేసుంటారనే ఇన్నేళ్లూ అనుకున్నారు. ఆయన దానిగురించి మాట్లాడకపోతే, మొండిమనిషి కదా, గొప్పలు చెప్పుకోడులే అనుకున్నారు. స్క్వాడ్రన్‌లో ఆయన పేరే మొండి. మొండివాడు రాజుకన్నా బలవంతుడని వాళ్లలో వాళ్లు సరదాగా అనుకునేవారట.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర అడిగేశాను. మామయ్య కంచంలోంచి తలెత్తలేదు.

"కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందమ్మా. వదిలెయ్."

మా ఆయన నన్ను చూసి కళ్లతో వద్దన్నాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని వంటింట్లోకొచ్చి మరీ గొణిగాడు. ఆయనకి తండ్రంటే భక్తి, ఆ భక్తిలో సగం భయం. నాకా బాధ లేదు. ఈ ఇంటి కోడలిగా వచ్చిన ఇరవై ఎనిమిదేళ్లుగా ఊళ్లో వాళ్లందరి ధైర్యానికీ రిబ్బన్లు కుట్టిపెట్టి, ఇంట్లో ఉన్నదాన్ని గుండీల డబ్బాలో పడేశానని నాకు ఒళ్లు మండిపోయింది.

అత్తయ్య మాత్రం వెళ్లి, బీరువాలో చీరల కింది నుంచి ఒక ఉత్తరం తెచ్చి నా ముందు పెట్టింది. మామయ్య కంచంలో చెయ్యి కడిగేసుకుని వెనక గదిలోకి వెళ్లిపోయారు. ఉత్తరం వైమానిక దళం రికార్డుల ఆఫీసుది, పాతది, మడతల దగ్గర చిరిగింది. అందులో ఇలా ఉంది: "పైలట్ శత్రుసైనికుల యెదుట చేతులెత్తి లొంగిపోయెను. చేతుల గాయము నిర్బంధకాలమున పనిచోట జరిగిన ప్రమాదము. స్వచ్ఛందముగా లొంగినవారు శౌర్య, నిర్బంధ పతకములు రెంటికిని అనర్హులు."

ఆ కాగితం వచ్చిన రోజు ఆయన అన్నం తినలేదట. పై అధికారులకి రాయమని అత్తయ్య బతిమాలిందట. జరిగింది చెప్పాను, నమ్మకపోతే అది వాళ్ల ఖర్మ, నా ధైర్యం నేను అడుక్కోను అన్నారట. అడగందే అమ్మైనా పెట్టదండీ అంటే, అమ్మని అడుగుతాను గానీ గుమస్తాని అడగను అన్నారట. ఇలాంటి విషయాలు ఎంత దాచినా ఆగవు. నిప్పు లేనిదే పొగ రాదని వీధిలో రెండేళ్లు పొగేశారు. క్షవరం చేయించుకోడానికి వెళ్తే అక్కడెవడో, చేతులెత్తితే ఎవరైనా బతికొస్తారులే అన్నాడట, ఈయన వినేలా. అప్పట్నుంచి జుట్టు అత్తయ్యే కత్తిరిస్తోంది. చివరికి అత్తయ్య ఒక్క మాట అంది.

"ఆయన చచ్చిపోయి ఉంటే ఇచ్చేవాళ్లే. బతికొచ్చారని ఇవ్వలేదు."

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, కోపం కూడా వచ్చింది. రెండూ కలిసొస్తే నేను ఆగలేను. ఆయన వేసుకున్న బట్టలేమైనా ఉన్నాయా అత్తయ్యా అన్నాను. ఎందుకడిగానో అప్పుడు నాకే తెలీదు. కుట్టుపని చేసేదాన్ని, మనిషి సంగతి తెలియాలంటే ముందు బట్ట చూస్తాను, అంతే.

ట్రంకుపెట్టె అడుగున ఉంది. కాళ్లూ చేతులూ కలిసి ఒకే తొడుగుగా ఉండే విమానం దుస్తులు, మందపాటి గుడ్డ, రంగు వెలిసింది. విడుదల చేసేటప్పుడు ఎవరివి వాళ్లకి తిరిగిచ్చారట. చలికాలంలో ఎండేసి మళ్లీ మడతపెట్టడం తప్ప అత్తయ్య దాన్ని ముట్టుకోలేదు, కుట్టడానికి ఆయన ఒప్పుకోలేదు. కత్తిరింపు బల్ల మీద పరిచాను. రెండు చేతులూ మణికట్టు నుంచి భుజం దాకా నిలువునా చీలి ఉన్నాయి. చిరుగు కాదది, కత్తెర కోత. చిరిగితే దారం లాగేసి అంచు వంకరపోతుంది. ఇది తిన్నగా, ఒకే మనిషి ఒకే విసురున కోసిన కోత. విప్పలేని చేతుల మీంచి బట్ట తీయాలంటేనే ఎవరైనా అలా కోస్తారు.

ఎడమ చేతి మీద, మోచేతికి కాస్త పైన, అరచెయ్యంత గుడ్డ చీటీ కుట్టి ఉంది. బందీల బట్టలు తీసుకుని సామాన్ల గదిలో పెట్టేటప్పుడు వేసిన గుర్తు. వాళ్ల అక్షరాలు నాకు రావు గానీ అంకెలు అంకెలే. ఒక నంబరు, దాని కింద తేదీ. అత్తయ్యని తేదీ అడిగాను. విమానం కనబడటం లేదని వచ్చిన తంతి కాగితంలో ఉన్న తేదీ ఆవిడకి కళ్లు మూసుకున్నా తెలుసు. అదే తేదీ.

చీటీ సరిగ్గా కోత మీద ఉంది. సగం ఇటు, సగం అటు. రెండు ముక్కల్నీ పట్టి ఉంచింది అదే. వేలు పెట్టి చీటీ కింద తడిమాను. కోత కింద నుంచి ఆగకుండా పోతోంది, చీటీ మాత్రం చెక్కుచెదరలేదు. పై గుడ్డ కొయ్యకుండా కింద గుడ్డ కొయ్యడం బ్రహ్మతరం కూడా కాదు. అంటే కత్తెర ముందు, సూది తర్వాత. చేతులు విరిగింది ఏ పనిచోటా కాదు, ఆ రోజే.

ఆ తొడుగు తీసుకుని వెనక గదిలోకి వెళ్లాను. అది చూసి మామయ్య చేతిలో స్క్రూడ్రైవర్ కింద పెట్టారు. నేను చీటీ చూపించి, కుట్టు ఏం చెబుతోందో చెప్పాను. ఆ చీటీ అంచు వేలితో తడిమి చూశారు. తర్వాత మెల్లగా చెప్పుకొచ్చారు. పారాచూట్‌ని గాలి ఈడ్చుకెళ్లి ఒక రాతిగోడకేసి కొట్టింది. తల కాపాడుకుందామని రెండు చేతులూ అడ్డం పెట్టారు. చేతులు రెండూ విరిగాయి. సైనికులొచ్చి తుపాకులు గురిపెట్టారు.

"ఎత్తమని అరిచారు. ఎత్తుదామన్నా లేవలేదు. ఎత్తనందుకు కొట్టారమ్మా."

ఎత్తనందుకు దెబ్బలు తిన్న మనిషి, ఎత్తాడన్న నిందతో నలభై ఏళ్లు బతికాడు. ఇది ఆఫీసులో ఎందుకు చెప్పలేదంటే, దెబ్బల లెక్క చెబితే జాలి కోసం చెప్పినట్టుంటుందన్నారు. మొండి అన్న పేరు ఊరికే రాలేదు.

మరి చేతులెత్తాడన్న ఆ ముక్క ఫైల్లోకి ఎలా వచ్చింది? అది మాత్రం నాకు అంతుపట్టలేదు. పగబట్టడానికి ఆ ఆఫీసులో ఆయన్నెరిగిన వాళ్లే లేరు. రెండు రోజులు అదే ఆలోచనతో, నలభై పట్టీల పని పక్కన పెట్టి కూర్చున్నాను. మూడో రోజు పొద్దున నా పెద్ద మిషను కుడుతూ కుడుతూ టక్కున ఆగింది. మామయ్య వచ్చి చక్రం తిప్పి చూసి, ఎప్పట్లాగే అన్నారు.

"చేతులెత్తేసిందమ్మా."

నా చేతిలో రిబ్బను జారిపోయింది. వెనక్కొచ్చాక ఆఫీసులో మీరేం చెప్పారు మామయ్యా, ఉన్నదున్నట్టు చెప్పండి అన్నాను. ఏముంది, జరిగింది చెప్పాను, ఒక ఇంజను కాలిపోయింది, రెండోది కూడా చేతులెత్తేసింది, ఇక లాభం లేదని దూకాను...

అక్కడే ఆగిపోయారు. ఆయన స్టూలు మీద కూర్చుని తన చేతుల వంక చూసుకున్నారు. తన నోటి మాటే తన మీద పడిందని అప్పుడు తెలిసింది ఆయనకి. ఆ రోజు నుంచి ఆ మాట ఆయన నోట రాలేదు. మిషను పని ఆపింది అనేవారు, గడియారం నడవట్లేదు అనేవారు, అదీ నీళ్లు నములుతూ. వినడానికి నాకే ప్రాణం ఉసూరుమనేది.

రికార్డుల ఆఫీసు ఊరవతల పొడవాటి భవనం. మొదటి మూడు రోజులూ కాళ్లరిగేలా తిరిగాను. ఒక గుమస్తా నన్ను మీరు ఆయనకేమవుతారని అడిగాడు. కోడలినంటే, కొడుకు రావాలన్నాడు. కొడుక్కి కుట్టురాదు, నాకొచ్చు, చూపించాల్సింది కుట్టు అన్నాను. ఆయనకి అర్థం కాలేదు గానీ నేను కదిలే రకం కాదని అర్థమైంది. నాలుగో రోజు పతకాల విభాగం అధికారిణి గదిలోకి పంపాడు.

ఆవిడ నాకన్నా చిన్నది, కళ్లజోడు, బల్ల మీద పెన్సిళ్లు కూడా వరసలో ఉన్నాయి. వరస తెలిసిన మనిషని కాస్త ధైర్యం వచ్చింది. ఉత్తరం చదివి, నలభై ఏళ్ల తర్వాత వచ్చారేమిటంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోడానికి రాలేదు, విరిగిన చేతుల లెక్క తేల్చుకోడానికి వచ్చానన్నాను. అంత పెడసరం అక్కర్లేదు గానీ నోరు అలా వచ్చేసింది. ఆవిడ నొచ్చుకోలేదు. తొడుగు పరచమంది.

పరిచాను. కోత చూపించాను. చేతులు తర్వాతెప్పుడో విరిగినప్పుడు కోసి ఉండొచ్చు కదా అంది. అదీ సరైన ప్రశ్నే. నేను చీటీ చూపించి, కొయ్యని చీటీ కింద కోత ఎలా వచ్చిందో మీరే చెప్పండన్నాను. ఆవిడ సొరుగులోంచి భూతద్దం తీసింది. చీటీ అంచు పైకి పట్టి, కిందనున్న కోతని ఈ చివర నుంచి ఆ చివరకి చూసింది. తేదీ చూసింది. లేచి వెళ్లి లావుపాటి పుస్తకమేదో తెచ్చి తేదీ సరిచూసింది. తర్వాత గుమస్తాని పిలిచి, మామయ్య చెప్పిన మాటలు మొదట రాసుకున్న కాగితాలు కింది గదిలోంచి తెమ్మంది.

రెండు గంటలు పట్టింది. నాలుగు పేజీలు, చేతిరాత, సిరా గోధుమరంగుకి తిరిగింది. వాటితో పాటు వాటిని కుదించి టైపు చేసిన అరపేజీ, దాన్నీ కుదించిన ఒక లైను. ఆవిడ మొదట నాలుగు పేజీల్లో ఒక చోట వేలు పెట్టి పైకి చదివింది. "రెండవ ఇంజను కూడ చేతులెత్తివేసినది. ఇక లాభము లేదని దూకితిని." తర్వాత అరపేజీ. "రెండవ ఇంజను కూడ దెబ్బతినగా, లాభము లేదని చేతులెత్తివేసి దూకెను." చివరికి ఒక్క లైను. అది మా బీరువాలో చీరల కింద ఉన్న లైనే.

నాలుగు పేజీలు అరపేజీ అయ్యేసరికి ఇంజను చేసిన పని మనిషికొచ్చింది. అరపేజీ ఒక్క లైనయ్యేసరికి ఇంజను రాలిపోయి చేతులు మిగిలాయి. అధికారిణి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"మా నాన్న కూడా అంతేనండీ. స్కూటరు ఆగినా, టీవీ ఆగినా, చేతులెత్తేసిందనే అంటారు. ఇది చదివిన వాళ్లకి ఇంట్లో అలా మాట్లాడే మనిషి లేనట్టుంది."

తీర్పు చెప్పాల్సింది తను కాదని, పైన కమిటీ ఉందని, కవాతు లోపల తేలుతుందని మాటివ్వలేనని చెప్పింది. వైర్‌లెస్ బాబాయ్ సాక్ష్యం రాతపూర్వకంగా కావాలంది. ఆయన్ని రాయమనడమే ఆలస్యం, పదకొండు పేజీలు రాశాడు. అందులో మూడు పేజీలు తనకి మెడల్ ఎందుకిచ్చారో తనకే తెలీదని.

కవాతుకి ఇంకా పదిరోజులుంది. ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు. నేను మాత్రం ఒక పని చేశాను. మూడు మెడల్స్‌కి సరిపడా ఇత్తడి పట్టీ కోసి, నీలం రిబ్బను గుండీల వైపు, పక్కన బూడిదరంగుది, చివర గుండీల డబ్బాలోంచి తీసి తోమిన పాత మెడల్‌ది పెట్టి కుట్టేశాను. మొదటి రెండు రిబ్బన్ల కిందా ఉత్త కొక్కేలు. సొరుగులో దాచితే అత్తయ్య కత్తెర కోసం వెతుకుతూ చూసేసింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంది. అంటూనే పట్టీని పమిటతో తుడిచి మళ్లీ సొరుగులో పెట్టింది.

కవాతు నాలుగు రోజులుందనగా కవరొచ్చింది. మామయ్య నించునే చదివారు. మా ఆయన, నేను, అత్తయ్య ముగ్గురం ఆయన మొహంలోకే చూస్తున్నాం. చదవడం అయ్యాక అద్దం దగ్గరికెళ్లి, మెడ వంచి తల దువ్వుకున్నారు. అప్పుడు నావైపు తిరిగారు.

"నీలం రిబ్బను ఉందా అమ్మా, కొట్లో?"

సొరుగు లాగి పట్టీ ఆయన చేతిలో పెట్టాను. అంతకుముందు ఎప్పుడూ నా ముందు ఏడవని మనిషి, చేతిగుడ్డ తీసుకోవడం కూడా మర్చిపోయి ఏడ్చారు. మా ఆయన వెళ్లి బల్ల కాలు కింద నుంచి కార్డు తీశాడు. బల్ల మళ్లీ కిర్రుమంది.

కవాతు రోజున మైదానం నిండిపోయింది. మేం మూడో వరసలో కూర్చున్నాం. నేను కుట్టిన నలభై పట్టీలూ నా ముందు నుంచే నడిచి వెళ్లాయి, ఒక్కటీ పక్కకి ఒరగలేదు. నలభై ఒకటోది మామయ్య ఛాతీ మీద ఉంది, రెండు రిబ్బన్ల కింద ఖాళీ కొక్కేలతో. పేరు పిలిచారు. మైకు దగ్గర ఆ అధికారిణే ఉంది. కమిటీ రాసిన మాటలు చదువుతోంది, అన్నీ గంభీరమైన పెద్ద పెద్ద మాటలు. మధ్యలో ఒక్కచోట గొంతు మారింది.

"ఆ రోజు విమానంలో ఇంజన్లు చేతులెత్తేశాయి. పైలట్ ఎత్తలేదు."

ముందు వరసల్లో ముసలి వైమానికులు ఒక్కసారి ఘొల్లుమన్నారు, తర్వాత చప్పట్లు. ఆ చప్పట్లు ఆగనే లేదు. వైర్‌లెస్ బాబాయ్ కుర్చీ ఎక్కి నిలబడబోతే పక్కవాళ్లు పట్టుకుని దింపారు. అత్తయ్య నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజులు గుచ్చుకున్నాయి. పోనీలే అనుకున్నాను.

వైమానిక దళం పెద్ద వచ్చి రెండు మెడల్స్ కొక్కేలకి తగిలించాడు. వెనక్కి ఒక అడుగు వేసి సెల్యూట్ చేశాడు. బదులు సెల్యూట్ చేయాలంటే మామయ్య చెయ్యి పైకి రాదు. తల దువ్వుకునేటప్పటిలా మెడ వంచుతారేమో, అందరి ముందూ ఆ తల కిందికి దిగుతుందేమో అని భయపడ్డాను. మామయ్య చెయ్యి లేచింది. ఎంతవరకు వస్తుందో అంతవరకే వచ్చింది, ఛాతీ మీద మెడల్స్ పక్కకి, అక్కడే ఆగింది. తల వంచలేదు. తిన్నగా ఎదుటి మనిషి కళ్లలోకి చూస్తూ అలాగే నిలబడ్డారు. ఆయన దించేవరకూ ఆ పెద్దమనిషి తన చెయ్యి దించలేదు.

మామయ్య తిరిగొస్తుంటే దారికి రెండువైపులా ఉన్న పాతవాళ్లు లేచి సెల్యూట్ చేశారు. మొదట బాబాయ్ చెయ్యి ఛాతీ దగ్గరే ఆపాడు. అతన్ని చూసి పక్కవాడు, అతన్ని చూసి ఇంకొకడు. రూలు తప్పు, వరస తప్పు. నేనే గనక అధికారినైతే ఒక్కర్నీ ఏమీ అనను.

మర్నాడు కొట్టు తెరిచాం. క్షవరం చేయించుకుని వచ్చారు మామయ్య, నలభై ఏళ్ల తర్వాత బయట కుర్చీలో కూర్చుని. అత్తయ్య కత్తెరకి ఉద్యోగం పోయిందని నవ్వుకున్నాం. వచ్చిన పని చూసుకుందామని నేను పెద్ద మిషను ముందు కూర్చుని తొక్కితే, అది రెండు కుట్లు వేసి బిగుసుకుపోయింది. మామయ్య వెనక గదిలోంచి వచ్చారు. చక్రం అటూ ఇటూ తిప్పారు. ఏదో అనబోయి, అలవాటుగా ఆగారు.

నేను తలెత్తి చూశాను. ఆయన కూడా నన్ను చూశారు. కొట్లో అప్పుడు ఇద్దరు ముగ్గురు ఖాతాదారులున్నారు, వీధిలో జనం ఉన్నారు. మామయ్య గొంతు సవరించుకుని, వీధి చివరిదాకా వినబడేలా అన్నారు.

"చేతులెత్తేసిందమ్మా!"